అందుకునే గొంతు

పోయిన ఎండాకాలం, తునికాకు కల్లాలు ఇంకా నడుస్తున్న రోజుల్లో, మా పక్క గూడెంలో ఒక పెద్దాయన కాలం చేశాడు. మేం నలుగురం టీచర్లం కలిసి వెళ్లాం. ఇద్దరం మగవాళ్లం, ఇద్దరు ఆడవాళ్లు. నలుగురమూ కోయవాళ్లమే. భద్రాచలం ఏజెన్సీలో వేరువేరు గూడేల్లో పుట్టి, ఇప్పుడు ఒకే మండలంలో పనిచేస్తున్నవాళ్లం. నలుగురికీ నలభై దాటింది.

పొద్దు గూకాక ముసలవ్వలు పాట ఎత్తారు. మన పాట తీరు మీకు తెలిసిందే. ఒక వరస ఎత్తుతుంది, ఎదురు వరస అందుకుంటుంది. ఎత్తినవాళ్లు ఊపిరి తీసుకునే లోపు అందుకునేవాళ్ల గొంతు లేవాలి. వాళ్లు ఆగేలోపు మళ్లీ వీళ్లు ఎత్తాలి. ఆ రాత్రి ఎత్తేవైపు ఇద్దరున్నారు. అందుకునే వైపు ఒక్కామె మిగిలింది. ఆమెకు దగ్గు. రెండు మాటలకోసారి గొంతు తెగుతోంది. మేం నలుగురం పందిరి గుంజల దగ్గర నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకున్నాం. పాత పాట, పోకముందే దాచుకోవాలి అనుకున్నాం. మంచి పనే చేస్తున్నామని నమ్మాం.

ఎత్తేవైపు ఉన్న అవ్వ పాట ఆపి మావైపు చూసింది. కోయలోనే అంది. "ఫోను అందుకోదు బిడ్డా. మీకు నోళ్లు లేవా?"

మాకు జవాబు రాలేదు. ఆ పాట చిన్నప్పుడు విన్నాం. రాగం చెవికి తెలుసు, మాటలు సగం తెలుసు. కానీ నోరు తెరవలేకపోయాం. పాట మధ్యలోనే ఆగింది. కాసేపటికి ఎవరో కుర్రాళ్లు మైకు సెట్టు తెచ్చి ఏదో పెట్టారు. ఆ పెద్దాయన బతికుండగా ఎన్నడూ వినని పాటలతో తెల్లవారింది.

తిరిగి వస్తుంటే దారిలో ఎవరం మాట్లాడలేదు. ఆ తర్వాత మాత్రం చాలా మాట్లాడుకున్నాం. మాకు ఎదురైన ప్రశ్న ఇది. పాడటం రానివాడు పాడకపోవడం తప్పు అవుతుందా? గొంతు లేనివాడిని పాడమని అడిగే హక్కు ఎవరికైనా ఉందా? నలభై ఏళ్లు నోరు మూసుకున్నవాళ్లు ఇప్పుడు నేర్చుకోవడం మొదలుపెడితే అది బాధ్యతా, వేషమా?

ఈ ప్రశ్నకు మేం వెతుక్కున్న జవాబు మీతో పంచుకుందామని ఈ వ్యాసం. మేం సంగీతం చదివినవాళ్లం కాము. డీఎడ్ చేసి బడిలో పాఠాలు చెప్పేవాళ్లం. అందుకే మా మాటల్లో పాట గురించి ఎంత ఉంటుందో బడి గురించీ అంతే ఉంటుంది.

ముందు మా గొంతులు ఎక్కడ పోయాయో చెప్పుకోవాలి. మేం నలుగురం ఆరేడేళ్ల వయసులో ఆశ్రమ పాఠశాలలో చేరాం. హాస్టల్ మాకు అన్నం పెట్టింది, చదువు చెప్పింది. అది లేకపోతే మేం ఇవాళ ఇలా రాయగలిగేవాళ్లం కాము. ఆ రుణం మరచిపోయి మాట్లాడటం లేదు. కానీ పాట నేర్చుకునే వయసంతా ఆ గోడల మధ్యే గడిచింది. విత్తనాల పండుగకి ఇంటికి వెళ్లలేదు, పరీక్షలో సెలవులు లేకపోవడమో అడ్డం వచ్చేది. పెళ్లిళ్లకు వెళ్తే చుట్టాల్లాగా వెళ్లి భోంచేసి వచ్చాం. అమ్మలు, అవ్వలు నడుములు చుట్టి పట్టుకుని రేలా పాడుతుంటే పక్కన కూర్చున్నాం. రేల చెట్టు బంగారు రంగు పూలు పూసే ఎండాకాలంలోనే మాకు సెలవులు. ఆ పూలు చూశాం, ఆ పాటలోకి మాత్రం దిగలేదు.

ఇంకొకటి కూడా జరిగింది. మాలో ఒకరు ఐదో తరగతిలో ఉండగా బడిలో ఒక వేడుకకు పిల్లలతో పాట నేర్పించారు. అందరూ వరసగా నిలబడ్డారు. నేర్పే మాస్టారు ఒక్కొక్కరి దగ్గర చెవి పెట్టి విన్నారు. మా స్నేహితుడి దగ్గర ఆగి, "నీ గొంతు బాగాలేదు. నువ్వు ఉత్త పెదాలు కదుపు, చాలు" అన్నారు. ఆయన కోపంగా అనలేదు. పాట బాగా రావాలని అన్నారు. కానీ ఆ పిల్లవాడు ఆ రోజు నుంచి ముప్పై అయిదేళ్లు పెదాలే కదిపాడు. ప్రార్థనలో పెదాలు కదిపాడు, పెళ్లిళ్లలో పెదాలు కదిపాడు. తన బిడ్డను నిద్రపుచ్చటానికి కూడా ఫోనులో పాట పెట్టాడు.

ఈ కథ విన్నప్పుడు మిగతా ముగ్గురం జాలిపడ్డాం. కాసేపటికి మాలో ఒకామె నెమ్మదిగా అంది, "నేనూ ఒక పిల్లకి అదే మాట చెప్పాను." పదిహేనేళ్ల కిందట, ఆగస్టు పదిహేను కార్యక్రమానికి. మూడో తరగతి పిల్ల. గట్టిగా పాడేది, శ్రుతి కలిసేది కాదు. అధికారులు వస్తున్నారని ఆ పిల్లని వెనక వరసలో పెట్టి, నోరు మెల్లగా కదపమంది. ఆమె చెప్పాక మిగతా ముగ్గురం కూడా గుర్తు చేసుకున్నాం. మేమూ అలాంటి పనులు చేశాం. ఎవరికి చేశామో పేర్లు కూడా గుర్తు లేవు. అదే ఎక్కువ బాధ పెట్టింది. మాకు చేసిన వాళ్ల ముఖాలు మాకు బాగా గుర్తున్నాయి.

అక్కడ మాకు ఒక సంగతి అర్థమైంది. మా సిగ్గు పుట్టుకతో వచ్చింది కాదు. మాకు నేర్పారు, మేం ఇంకొకరికి నేర్పాం. బడిలో ఏ సిలబస్‌లోనూ లేని పాఠం అది. దాన్ని ఆపాలంటే పిల్లలకి ధైర్యం చెప్తే చాలదు. మేమే వాళ్ల ముందు రాని పని చెయ్యాలి.

ఆ అవ్వ దగ్గరికే వెళ్లాం. శనివారం సాయంత్రాలు వస్తాం, నేర్పమన్నాం. ఆమె నవ్వి, "పంతుళ్లకి పాఠమా?" అంది. సరేనంది.

మొదటి రోజు నోటుపుస్తకాలు, పెన్నులు పట్టుకుని కూర్చున్నాం. డీఎడ్‌లో మాకు బోధనా సూత్రాలు నేర్పారు. తెలిసిన దాని నుంచి తెలియని దానికి, సరళం నుంచి క్లిష్టానికి వెళ్లాలని. అందుకని అవ్వని అడిగాం, "ముందు తేలిక పాట చెప్పు. ఒక్కో లైను చెప్పు, రాసుకుంటాం." ఆమె పాట ఎత్తింది. మొత్తం పాడింది. మళ్లీ మొత్తం పాడింది. లైను లైనుగా చెప్పమంటే ఆమెకు చేతకాలేదు. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సి వచ్చేది. ముక్కలుగా ఆ పాట ఆమె దగ్గర లేదు. మూడో వారం పుస్తకాలు మూయించింది. "చూసి పాడితే కళ్లు పాడతాయి" అంది.

పెద్దవాళ్లు పాట నేర్చుకోవడంలో కష్టం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. పిల్లలు ముందు గోలగా గొంతు కలుపుతారు, మాటలు తర్వాత అతుక్కుంటాయి. మేం ముందు అర్థం కావాలంటాం, తప్పు రాకూడదంటాం, ఆ తర్వాత పాడతామంటాం. తప్పు లేకుండా మొదటి మాట పాడాలని ఎదురుచూస్తూ కూర్చుంటే పాట దాటి వెళ్లిపోతుంది. అందుకునే పాటలో ఆలోచించుకునే జాగా లేదు. ఎదుటి వరస ఊపిరి ఆగే చోట మనం అక్కడ ఉండాలి, అంతే.

చేతికి అందిన కొన్ని పనికొచ్చే సంగతులు చెప్తాం, మీలో ఎవరైనా మొదలుపెడితే ఉపయోగపడతాయి. ఒకటి, మొదటి నెల మేం వినడమే ఎక్కువ చేశాం. గొంతు తప్పడానికి ముందు చెవి తప్పుతుంది. అవ్వ పాడుతుంటే నోరు మూసుకుని ముక్కుతో కూనిరాగం తీస్తే, మన స్వరం ఆమె స్వరంతో కలిసిందో లేదో గుండె దగ్గర అదురులో తెలుస్తుంది. రెండు, మగవాళ్లం అవ్వ గొంతు ఎత్తుకు పోవాలని మొదట్లో గొంతు చించుకున్నాం. అవసరం లేదు. అదే రాగాన్ని కింది స్థాయిలో పాడితే కలుస్తుంది. మూడు, ఊపిరి. బడిలో రోజంతా అరిచే గొంతులు మావి. పై ఛాతీతో ఊపిరి తీసుకుని అరుస్తాం. పాటకు పొట్ట కదలాలి. దంచుతూ, ఊడుస్తూ, నాట్లు వేస్తూ పాడే ఆడవాళ్లకు ఇది ఎవరూ చెప్పనక్కర్లేదు, ఒళ్లే నేర్పుతుంది. మేం కుర్చీల్లో కూర్చుని పోగొట్టుకున్నాం. అవ్వ మమ్మల్ని నిలబెట్టి, చేతులు పట్టించి, అడుగు వేయించింది. అడుగు పడ్డాక పాట కొంత దారికొచ్చింది. నాలుగు, వారానికోసారి రెండు గంటల కంటే రోజూ పది నిమిషాలు మేలు. బడికి బండి మీద పోతూ పాడుకున్నాం. అడవి దారిలో వినేవాళ్లు ఎవరూ లేరు.

"నాకు పుట్టుకతోనే గొంతు లేదు" అనేవాళ్లు మనలో చాలామంది. స్వరాల తేడా నిజంగా చెవికి ఆనని మనుషులు ఉన్నారు. కానీ శాస్త్రవేత్తల లెక్క ప్రకారం వాళ్లు నూటికి నలుగురికి మించరు. మిగతావాళ్లలో చాలామందికి లేనిది అలవాటు. పెదాలు కదుపుతూ ముప్పై అయిదేళ్లు గడిపిన మా స్నేహితుడు నాలుగు నెలల్లో అందుకోగలిగాడు. గొప్పగా కాదు. కలిసేలా.

శనివారాలు ఆ గూడెం పిల్లలు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి మమ్మల్ని చూసి నవ్వేవాళ్లు. మా బడి పిల్లలే. మొదట్లో వాళ్లని వెళ్లగొట్టాలనిపించింది. ఒకరోజు ఒక చోట మేం నలుగురం మళ్లీ మళ్లీ తప్పుతుంటే, నాలుగో తరగతి పిల్ల ఒకతి గుమ్మంలోంచే ఆ ముక్క పాడి చూపించింది. సరిగ్గా పాడింది. తర్వాత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, సార్లని దిద్దినందుకు తిడతారేమోనని. మేం "ఇంకోసారి చెప్పమ్మా" అన్నాం. ఆ రోజు ఆ పిల్ల దగ్గర నేర్చుకున్నాం. సోమవారం బడిలో ఆ పిల్ల లెక్కలు తప్పు చేసింది. ఎప్పుడూ పలక దాచుకునేది, ఆ రోజు దాచుకోలేదు. తెచ్చి చూపించి, "సార్, ఇంకోసారి చెప్పండి" అంది. మేం అన్న మాటే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. రానివాడు పాడాలా?

కొందరు మిత్రులు అంటారు, "గొంతున్నవాళ్లు పాడతారు, మిగతావాళ్లు వింటారు. అందరూ పాడాలని ఎక్కడుంది?" వేదిక మీద పాటకు ఆ మాట సరిపోతుంది. డోలీల పాటకూ సరిపోతుంది. మన ఇలవేల్పుల కథలు, వంశాల చరిత్రలు పడిగె విప్పి, డోలు వాయిస్తూ చెప్పటం డోలీలు తరతరాలుగా మోస్తున్న విద్య. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది ఆ విద్యకే. 2024లో ఆయన పోయారు. అలాంటి విద్య అందరికీ రాదు, అందరూ చెప్పబోవటం కూడా మర్యాద కాదు. కానీ నాట్ల పాట, పెళ్లి పాట, పండుగ పాట, చావు పాట ఊరివి. వాటికి ప్రత్యేకంగా కళాకారులు లేరు. ఎత్తేవాళ్లు బాగా పాడేవాళ్లు కావచ్చు. అందుకునేవాళ్లు మాత్రం మామూలు మనుషులు. అందుకోవటానికి వాళ్లు అక్కడ ఉన్నారు, అదే వాళ్ల అర్హత. వరసలో ఒక గొంతు తప్పినా పక్క గొంతు మోసుకుపోతుంది. అందరూ ఊరుకుంటే మోసేది ఎవరు? ఎంత గొప్ప గొంతు ఎత్తినా ఎదురు వరస లేకపోతే ఆ పాట సగమే. ఆ రాత్రి పందిట్లో పాట ఆగింది ఎత్తే అవ్వకు రాక కాదు.

ముండా పెద్దల్లో ఒక మాట ఉంది, మాట్లాడటమే పాట, నడవటమే ఆట అని అర్థం వచ్చే మాట. రాంచీ విశ్వవిద్యాలయంలో ఆదివాసీ భాషల శాఖను నిలబెట్టిన రామ్‌దయాళ్ ముండా 1939లో పుట్టి 2011లో పోయారు. అమెరికాలో చదివి, అక్కడ పాఠాలు చెప్పి, తిరిగొచ్చిన పండితుడు. వైస్ ఛాన్సలర్ అయ్యాక కూడా డోలు భుజాన వేసుకుని విద్యార్థులతో కలిసి ఆడారు. ఆడేవాళ్లే నిలుస్తారని ఆయన చెప్పేవారు. ఆయన పెద్ద పదవిలో ఉండి వరసలో చెయ్యి కలిపితే, మనకు ఒక చిన్న టీచరు ఉద్యోగం వచ్చేసరికి వరస పక్కన కుర్చీ వేయించుకున్నాం.

రెండో అభ్యంతరం, "రికార్డు చేసి పెడితే చాలదా?" మేం రికార్డుకు వ్యతిరేకం కాదు. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రంలో గోండి పాటలు విని పెరిగినవాళ్లకు దాని విలువ తెలుసు. 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారైనప్పుడు పెద్దల దగ్గర పాటలు, కథలు సేకరించి రాసినందువల్లే అవి పిల్లల చేతికి వచ్చాయి. కానీ రికార్డు చేసేవాడికీ నేర్చుకునేవాడికీ ఒక తేడా ఉంది. అది మాకు అవ్వ దగ్గరే తెలిసింది.

మాకు ముందుగా కావలసింది ఆ రాత్రి తెగిన చావు పాట. అదే నేర్పమన్నాం. అవ్వ ఒప్పుకోలేదు. "ఇంట్లో చావు లేకుండా చావు పాట ఎత్తుతారా? ఎవర్ని పిలుద్దామని?" అంది. విత్తనాల పాట నేర్పింది, పెళ్లి పాటలు నేర్పింది. ఇది నేర్పలేదు. మా ఫోన్లలో ఆ పాట ఉంది, సగం. ఎప్పుడంటే అప్పుడు, ఎక్కడంటే అక్కడ నొక్కితే మోగుతుంది. అన్నం తింటూ వినొచ్చు. ఫోనుకు దినం లేదు, సమయం లేదు. మేం ఆ రాత్రి ఎవర్నీ అడగకుండా తీసుకున్నాం. నేర్చుకోవటానికి వచ్చినప్పుడు మాత్రం ఇచ్చినంతే అందింది. ఎప్పుడు పాడాలి, ఎప్పుడు పాడకూడదు అనేది కూడా పాటలో భాగమే. రికార్డులో ఆ భాగం రాదు.

తర్వాత వారం మేం చనిపోయిన పెద్దాయన కొడుకు దగ్గరికి వెళ్లి, రికార్డు చేసిన సంగతి చెప్పి, ఉంచమంటారా తీసెయ్యమంటారా అని అడిగాం. ఆయన ఆలోచించి, "మా ఇంట్లో ఉంచండి, బయట పెట్టొద్దు" అన్నాడు. ఆయన ఫోనులోకి పంపి మా ఫోన్లలో తీసేశాం. యువతకు ఒక మాట. పాటను యూట్యూబ్‌లో పెట్టే ముందు ఇది ఎవరిది, ఎప్పుడు పాడేది అని ఆ ఊళ్లో అడగండి. అడిగితే ఎక్కువసార్లు సరే అంటారు. అడగటం వల్ల మనకు పాటతో పాటు దాని కథ కూడా దొరుకుతుంది.

మూడో అభ్యంతరం మా లోపలి నుంచే వచ్చింది. అది అన్నిటికంటే కష్టమైనది. మేం ఉద్యోగస్తులం. ఇల్లు కట్టుకున్నాం, మా పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేశాం, ఇంట్లో తెలుగే ఎక్కువ మాట్లాడతాం. పాటకు పుట్టిన బతుకు వదిలేసి పాట మాత్రం నేర్చుకుంటే అది ఆగస్టు తొమ్మిదిన తలపాగా చుట్టుకుని ఫోటో దిగడం లాంటిది కాదా? నాగలి పట్టనివాడు విత్తనాల పాట పాడితే అది నిజమైన పాటేనా?

దీనికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇంత మాత్రం చెప్పగలం. మాకు ఈ ఉద్యోగాలు ఎలా వచ్చాయో గుర్తు చేసుకున్నాం. 2000 జనవరిలో వచ్చిన జీవో 3 ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే ఇచ్చింది. బయటి నుంచి వచ్చినవాళ్లు బడికి రావడం లేదు, స్థానికులైతే బడి తెరిచి ఉంటుంది, పిల్లల మాట తెలుస్తుంది అనే ఆశ దాని వెనక ఉంది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. మనమంతా రోడ్డు మీదికి వచ్చాం, న్యాయంగానే వచ్చాం. "మా పిల్లల భాష మాకే తెలుసు" అని రాసిన బ్యానర్లు పట్టుకున్నాం. ఆ మాట మేం నమ్మే అన్నాం. అయితే ఆ మాటకు మన వైపు నుంచి కూడా ఏదో బాకీ ఉంది. 2011 జనాభా లెక్కల్లో కోయను మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు అన్ని రాష్ట్రాల్లో కలిపి 4 లక్షల పైచిలుకు. అందులో మన ఇళ్లలోని పిల్లలు ఎంతమంది ఉండి ఉంటారో ఎవరికి వాళ్లం లెక్కేసుకోవచ్చు.

వేషానికీ నేర్చుకోవడానికీ తేడా ఎలా తెలుస్తుందంటే, మాకు తోచింది ఇది. వేషంలో మనం బాగా కనపడతాం. నేర్చుకోవడంలో మనం చెడ్డగా వినపడతాం. ఒక ఏడాది పాటు, మన పిల్లల ముందు, మన దగ్గర చదువుకున్నవాళ్ల ముందు, అక్షరం రాని అవ్వ చేత దిద్దించుకుంటూ చెడ్డగా వినపడటానికి ఒప్పుకున్నామంటే అందులో ఫోటోకు పనికొచ్చేది ఏమీ లేదు. పోయిన బతుకు దానివల్ల తిరిగి రాదు. కానీ అవ్వకూ ఆ నాలుగో తరగతి పిల్లకూ మధ్య ఒక తరం ఖాళీగా ఉంది. ఆ ఖాళీలో ఉండాల్సినవాళ్లం మేమే. ఆ చోటు వదిలేసి, పాట పోతోందని వ్యాసాలు రాయడం మాకు ఇక కుదరలేదు.

బలవంతం చెయ్యకూడదని కూడా తెలుసుకున్నాం. మా బృందంలోకి ఇంకో ఇద్దరు టీచర్లు వచ్చారు. ఒకరు రెండు వారాలకే మానేశారు. తాళం పట్టడం, గూడెంలో పెద్దలకు కబురు చెప్పడం, దినాలకు వంటపని చూడటం తనకు ఇష్టమన్నారు. మంచిదే అన్నాం. అందుకోవటానికి దారులు చాలా ఉన్నాయి. గొంతు ఒక దారి. "నాకు రాదు" అనే మాట వెనక దాక్కుని, ఏ దారిలోనూ రాకపోవడాన్నే మేం తప్పు అనుకుంటున్నాం. ఎదుటివాడి నోరు మూయించి పెదాలు కదపమనడాన్ని ఇంకా పెద్ద తప్పు అనుకుంటున్నాం.

వానలు తగ్గాక, దగ్గుతో పాడిన ఆ అవ్వ పోయింది. అందుకునే వైపు మిగిలిన ఒక్కామె ఆమే.

మేం నలుగురం వెళ్లాం. ఫోన్లు బండి డిక్కీలో పెట్టేశాం. మా అవ్వ పాట ఎత్తింది. అందుకునే వైపు ఎవరూ లేరు. మాలో ఉన్న ఇద్దరు ఆడవాళ్లు వెళ్లి ఆ వరసలో కూర్చున్నారు. వాళ్ల వెనక మేం కూర్చున్నాం. ఆ పాట మాకు ఎవరూ నేర్పలేదు. మొదటిసారి అందుకోవడం ఆలస్యమైంది. రెండోసారి మాట తప్పింది. మా స్నేహితుడి గొంతు ఒకచోట బాగా పక్కకి పోయింది. అవ్వ వెనక్కి తిరిగి చూడలేదు. పాడుతూనే ఉంది. ప్రతి మాటా మా కోసం కొంచెం సాగదీసి పాడుతోందని మాకు తర్వాత అర్థమైంది. చావు పాట ఆమె నేర్పే చోటు అదే. నడిరాత్రి దాటాక గూడెంలోని కోడళ్లు ఇద్దరు వచ్చి మా పక్కన కూర్చున్నారు. మాకంటే చిన్నవాళ్లు, మాకంటే బాగా అందుకున్నారు. ఇన్నాళ్లూ వాళ్లు ఎందుకు కూర్చోలేదని అడిగితే, "మాకు సరిగా రాదు సార్, నవ్వుతారని" అన్నారు. మమ్మల్ని విన్నాక ఆ భయం పోయిందట. ఆ మాటకు మేం నొచ్చుకోలేదు.

పాట తెల్లవారే దాకా తెగలేదు.

ఇంకొక పని మిగిలి ఉండింది. పదిహేనేళ్ల కిందట వెనక వరసలో పెట్టిన ఆ పిల్ల ఇప్పుడు పెద్దదైంది, పెళ్లయింది. మాలో ఆ టీచరు ఆమెను వెతుక్కుంటూ వెళ్లి, ఆ రోజు అలా అనకుండా ఉండాల్సిందమ్మా అని చెప్పింది. ఆమెకు గుర్తుంది. మొదట నవ్వి, "అయ్యో, అదేముంది మేడమ్" అంది. టీ ఇచ్చింది. బయల్దేరుతుంటే అంది, "నేను పాడను మేడమ్. మా పాపకి కూడా పాడలేదు." ఆమెను శనివారం రమ్మన్నాం. ఇంకా రాలేదు. రావాలని కూడా లేదు. మేం చేసింది మేం నేర్చుకున్నంత మాత్రాన చెరిగిపోదు.

తోటి టీచర్లకు మా విన్నపం. ప్రార్థనలో, పండుగల్లో, అధికారులు వచ్చినా మంత్రులు వచ్చినా, ఏ పిల్లకీ "నువ్వు పెదాలు కదుపు" అనకండి. వారంలో ఒక్క పీరియడ్, మీకు రానిది ఏదైనా పిల్లల ముందు నేర్చుకోండి. పాటే కానక్కర్లేదు. తప్పు చేసి, దిద్దుకుని, మళ్లీ చేసే పెద్దవాళ్లను పిల్లలు చూడాలి. గూడెంలోని అవ్వను బడికి పిలవండి. ఆమె రాలేకపోతే పిల్లలతో మీరే ఆమె ఇంటికి వెళ్లండి.

యువతకు కూడా ఒక మాట. మీకు ఇంకా ఇరవై ఏళ్లే. మాకు పట్టినంత కాలం మీకు పట్టదు. ఈసారి మీ గూడెంలో పాట ఎత్తినప్పుడు ఫోను జేబులో పెట్టి ఆ వరసలో వెళ్లి కూర్చోండి. మొదట్లో మాటలు రావు. చివరి అక్షరం వస్తుంది. ఆ చివరి అక్షరం పట్టుకోండి. మేం అక్కడి నుంచే మొదలుపెట్టాం. శనివారం సాయంత్రం మేం అవ్వ ఇంటి దగ్గరే ఉంటాం. విత్తనాల పండుగ పాటలో రెండో చోట ఇప్పటికీ తప్పుతున్నాం.